వంతెన వదిలిన వియ్యంకుడు

పక్కింటి రోజారమణి కూరగాయల బండి దగ్గర అన్నదట: "రామబ్రహ్మం మాస్టారి అమ్మాయిని నందిగామ వాళ్లు ఇక తీసుకెళ్లరు. పిల్లకు అయిదో నెల దాటినా అటు నుంచి అతీగతీ లేదు. ఈయనేమో కంప్యూటర్లో ట్యాంకులు తోలుకుంటున్నాడు."

కనకవల్లి ఆ మాటను వంకాయలతో పాటు ఇంటికి మోసుకొచ్చి భర్త ముందు పడేసింది.

"తోలడం కాదు, యుద్ధం నడపడం," అన్నాడు రామబ్రహ్మం తెర మీంచి కళ్లు తిప్పకుండా. "కూరగాయల బండి దగ్గర ఆ తేడా తెలియదులే."

ఆయన జగ్గయ్యపేటలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. దిద్దడానికి పేపర్లు లేకపోయాక లోకం మొత్తానికీ మార్కులు వేయడం పెట్టుకున్నాడు. అందరికంటే తక్కువ మార్కులు నందిగామ వియ్యంకుడు సీతారామాంజనేయులివి. ఆయనది కందిపప్పు టోకు వ్యాపారం. పప్పులు తూచే చేతికి వ్యూహం ఎక్కడ పట్టుబడుతుందని మాస్టారి లెక్క.

ఈ యుద్ధం ఆట ఇద్దరికీ నేర్పింది అల్లుడు తేజస్. ఒకరు తమ వంతు ఆడి ఈమెయిల్లో పంపాలి. రెండోవారు తీరిక చూసుకుని తెరిచి, తమ వంతు ఆడి తిప్పి పంపాలి. మనవరాలి బారసాల దాకా సరదాగానే సాగింది. బారసాల నాడు మొదటి బంతి నిండా మాస్టారి తోటి టీచర్లే కూర్చున్నారు. వియ్యంకుణ్ని రెండో బంతికి ఆగమన్నారు. ఆయన ఆగలేదు. మంచినీళ్లయినా ముట్టకుండా కారెక్కాడు.

మాటలు ఆగిపోయాయి. ఆట ఆగలేదు.

వాళ్లొచ్చి అడిగితేనే పంపుతానని ఈయన. తండ్రే తెచ్చి దింపాలని ఆయన. మధ్యలో అపూర్వ చంకలో పిల్లతో, సర్దిన సూట్‌కేసు విప్పుతూ, విప్పింది మళ్లీ సర్దుతూ పుట్టింట్లో ఉండిపోయింది. తేజస్ ఆదివారం ఆదివారం వచ్చి బిడ్డను చూసుకుని, మామగారి దగ్గర తిట్లు తిని, మిగతావి నాన్న దగ్గర తినడానికి వెళ్లిపోయేవాడు.

ఓ పొద్దున రామబ్రహ్మం వంటింటికి వినపడేలా అన్నాడు. "కనకం, వంతెన వదిలేశాడు."

"ఎవరు?"

"మీ అన్నయ్యగారే. ఏటి మీద వంతెన. ఎవరూ తరమకుండానే సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాడు. అంటే ఏమిటన్నమాట? వంగుతున్నాడు. నోటితో చెప్పడానికి సిగ్గు."

"ఆ మాటేదో ఫోన్ చేసి అడగరాదూ?"

"పప్పులు తూచేవాడి మనసు నాకొకరు ఫోన్లో చెప్పాలా?"

ఆ రోజు నుంచి వియ్యంకుడి ప్రతి ఎత్తుకీ మాస్టారు అర్థ తాత్పర్యాలు రాయడం మొదలెట్టాడు. బారసాలకు ముందు కొట్టు కట్టేశాక గానీ జవాబు వచ్చేది కాదు. ఇప్పుడు ఇటు పంపీ పంపగానే అటు నుంచి వచ్చేస్తోంది. "చూశావా, బేరాలు గాలికొదిలేసి నా మెయిల్ కోసం కాచుక్కూర్చుంటున్నాడు." పరీక్షిద్దామని ఆటలో తన ఊరొకటి కాపలా లేకుండా వదిలాడు. శత్రువు పక్కనుంచే పోయాడు గానీ ఊరి జోలికి రాలేదు. "వియ్యంకుడి ఊరని మర్యాద. ఈ మర్యాదేదో బారసాల నాడే చూపించి, ఇంకొక్క బంతి ఆగి ఉంటే ఎంత బావుండేది."

"మెయిల్లో ఒక్క ముక్కయినా రాయరేం నాన్నా మామయ్యగారు?" అంది అపూర్వ.

"ఓడేవాడికి రాత ఎక్కడ సాగుతుందమ్మా."

చివరికి శత్రు సేనాపతి ఎందుకో మ్యాపులో ఓ మూలకి పోయి నిలబడ్డాడు. రామబ్రహ్మం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"శరణు. ఇంతకంటే దిగజారితే చూళ్లేను. నేనే వెళ్లి క్షమించి వస్తా. గెలిచినవాడికి ఆపాటి పెద్దమనసు ఉండాలి."

కనకవల్లికి యుద్ధం సంగతి తలాతోకా తెలియలేదు. నందిగామ వెళ్దామన్నది మాత్రం తెలిసింది. ఆయన మనసు మారేలోగా సూట్‌కేసు, ఉయ్యాల, సారె మిఠాయిలు డిక్కీలోకి చేరిపోయాయి.

చిల్లకల్లు టోల్‌గేటు దాటినా మాస్టారి ఉపన్యాసం ఆగలేదు. ఓడినవాణ్ని ఎలా పలకరించాలి, ఎంత నవ్వాలి, ఎక్కడ ఆపాలి. అపూర్వ పిల్ల టోపీ సర్దుతూ ఊఁ కొట్టింది.

నందిగామలో వియ్యపురాలు జ్ఞానప్రసూనాంబ దిష్టి తీసి, మనవరాల్ని ఎత్తుకుని మురిసిపోయింది. సీతారామాంజనేయులు కొట్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు.

"రండి బావగారూ. మొత్తానికి తెచ్చి దింపారు. సంతోషం."

ఓడినవాడు ఏదో ఒకటి అనుకోవాలిగా అని మాస్టారు దాన్ని వదిలేశాడు. కాఫీ అందుకుని, క్లాసులో మొద్దబ్బాయిని పాస్ చేసేటప్పటి గొంతు తెచ్చుకున్నాడు.

"మొహమాటపడకండి బావగారూ. మీరు వంతెన వదిలిన రోజే మీ మనసు నాకు తెలిసిపోయింది. మా ఊరి జోలికి రాకుండా పోయినప్పుడు మా కనకంతో కూడా అన్నా. మనిషి నోటితో ఒప్పుకోలేకపోయినా ఆటలో ఒప్పుకున్నాడని. నాకది చాలు. బారసాల సంగతి నేను మర్చిపోయా. మీరూ సిగ్గుపడొద్దు."

సీతారామాంజనేయులు భార్య మొహం చూశాడు. ఆవిడ కోడలి మొహం చూసింది.

"ఏ వంతెనండీ?"

"ఏటి మీదది. మీరు వదిలిందే."

సీతారామాంజనేయులు కాఫీ గ్లాసు కింద పెట్టి, పై పంచెతో మూతి తుడుచుకున్నాడు.

"బారసాల నాడే నా వంతు కంప్యూటర్‌కి వదిలేశా బావగారూ, అప్పట్నుంచీ మీతో ఆడేదీ, తిరిగి మెయిల్ పంపేదీ అదే."