గుట్ట కింద నీళ్లు

“టీ తాగకుండా గుట్టెక్కేది లేదు బాబూ. కూర్చో,” అంటూ ఎలునెడ్ పెనం మీది ఎండుద్రాక్ష కేకును తిరగేసింది.

ఇడ్వాల్ వద్దనలేదు. వద్దనడం చేతనైతే ఈ ఆరు నెలల్లో పొట్ట పెరిగి అతని బెల్టు చివర రెండు కొత్త చిల్లులు పడేవే కావు. నేల పరీక్షలో ముప్పై ఏళ్ల అనుభవమున్న ఇంజనీరు, కేకు వాసన తగిలితే చాలు, బుద్ధిమంతుడిలా కుర్చీలో కూలబడతాడు. పైగా గుట్టకు దారి ఈవిడ పెరట్లోంచే.

వేల్స్ లోయల్లో బొగ్గు గనులు ఎప్పుడో మూతబడ్డాయి. వాటిలోంచి తవ్విపోసిన రాళ్ల గుట్టలు మాత్రం ఊళ్ల నెత్తిన అలాగే ఉన్నాయి. ఈ వీధి వెనకున్న గుట్ట కింద నేల గట్టిదో కాదో తేల్చడం ఇడ్వాల్ పని. అందుకోసం గుట్ట అంచున నేలలోకి ఇరవై అడుగుల గొట్టం దింపారు. నెలనెలా మొదటి మంగళవారం అందులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడాలి. పదడుగుల లోపే తగిలితే నేల నానిపోయినట్టు. గుట్ట జారొచ్చు. వీధిలోని పదకొండు ఇళ్లూ ఖాళీ చేయించాలి.

సెప్టెంబరులో ఆరడుగులకే తగిలాయి. “నన్ను ఇక్కణ్ణుంచి మోసుకుపోవాల్సిందే, నడిచి మాత్రం రాను,” అంది ఎలునెడ్. ఆవిడ ఈ ఇంట్లోనే పుట్టింది. ఓదార్చడం చేతకాక ఇడ్వాల్ పాఠం చెప్పాడు. ఒక్కసారి చూసి తేల్చరనీ, ఆరు నెలలు చూస్తారనీ, కింద జిగట మన్ను కాబట్టి గొట్టంలో నీరు ఊరడానికి రోజులు పడుతుందనీ చెప్పుకొచ్చాడు. అడగనివి కూడా చెప్పడం అతని జబ్బు. ఆవిడా, ఒకప్పుడు గనిలో పనిచేసిన ఆవిడ భర్త హ్యాడినూ ఓపిగ్గా విన్నారు. ఆ మరుసటి నెల నుంచి నీళ్లు పద్దెనిమిది అడుగుల లోతు దాటి పైకి రాలేదు.

“హ్యాడిన్ గారేరి?”

“గొర్రెల్ని చూసొస్తానని పైకెళ్లాడు. ఇంకో కేకు తిను.”

“ఇప్పటికే మూడయ్యాయమ్మా. గుట్టకన్నా ముందు నేనే జారేలా ఉన్నాను.”

“చాల్లే, సన్నబడ్డావు నువ్వు.”

ఇంత పచ్చి అబద్ధాన్ని ఇంత ప్రేమగా చెప్పేవాళ్లు అతనికి ఇంకెవరూ లేరు.

“చలికాలమంతా ఇంత వాన పడితే నీ గొట్టం ఎలా ఎండిందయ్యా అని ఆఫీసులో ఏడిపిస్తున్నారు. పాత గని సొరంగాలు నీళ్లను కిందికి లాగేస్తున్నాయని నా లెక్క. దాని మీద పన్నెండు పేజీలు రాశాను.”

“చదువుకున్నవాడివి, నీకు తెలీదా.”

“మా ఇంట్లో కుళాయి ఎందుకు కారుతోందో మాత్రం ఇంతవరకూ తేల్చలేకపోయాను.”

ఎలునెడ్ నవ్వుతుండగానే హ్యాడిన్ రొప్పుతూ లోపలికొచ్చాడు.

“గొర్రెలు బాగున్నాయా?” అడిగాడు ఇడ్వాల్.

“ఆ, బానే ఉన్నాయి. దారి జారుతోంది, చూసుకుని ఎక్కు.”

“ఇక వెళ్లిరా బాబూ,” అంది ఎలునెడ్.

ఇదే ఆఖరి కొలత. ఇడ్వాల్ గొట్టంలోకి టేపు వదిలాడు. నీళ్లు తగిలితే కూత పెట్టే టేపు అది. పదడుగులు దాటింది. పదిహేను దాటింది. పంతొమ్మిది దగ్గర కూసింది. తన పన్నెండు పేజీల మీద అతనికి ఎక్కడలేని గౌరవం పుట్టింది.

కిందికి దిగి, వంటింటి బల్ల మీదే రిపోర్టు పూర్తిచేశాడు. నేల పొడిగా, గట్టిగా ఉంది. ఇళ్లు ఖాళీ చేయించనక్కర్లేదు. కింద సంతకం పెట్టాడు.

ఎలునెడ్ అతని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. ఇడ్వాల్‌కూ కళ్లు చెమర్చాయి. ముప్పై ఏళ్లలో తనను చూసి ఊళ్లు విసుక్కున్నాయే గానీ, ఇంతలా ఆదరించింది ఈ ఇల్లొక్కటే. మిగిలిన కేకుల పొట్లం సీటు మీద పెట్టుకుని, తనంతటి ఇంజనీరు లేడనుకుంటూ బయల్దేరాడు.

కారు మలుపు తిరిగేదాకా చెయ్యూపి, ఎలునెడ్ లోపలికొచ్చి భర్త పక్కన కూర్చుంది.

“ఇక గొట్టంలోంచి నీళ్లు తోడక్కర్లేదు.”