పూడూరు బడి బండలు

తాండూరు బండల కంపెనీ ఆర్డర్లన్నిటినీ ఫ్లాపీలో దాచే ప్రోగ్రాం నేనే రాశాను. ఇవాళ ఆ మహాకార్యానికి పరీక్ష.

“గిది పాసైతే నీ ఉర్దూ నోట్‌బుక్ బంద్, చాంద్‌పాషా భాయ్. ఇంట్ల ఆరాంగ ఉండు,” అన్నాడు విశ్వేశ్వర్ సేటు, ఆర్డర్లన్నీ అందులో రాసే ముసలి గుమాస్తాతో.

కంప్యూటర్లో ఆర్డర్లన్నీ చెరిపేసి, ఫ్లాపీలోంచి వెనక్కి తెచ్చాను. గుండె పాలిష్ మిషనులా గడగడలాడింది. చాంద్‌పాషా తన నోట్‌బుక్‌ను పేజీ పేజీ తెరతో సరిచూశాడు. చివరి పేజీ మీద ఆయన వేలు ఆగింది.

“పూడూరు బడి బండల ఆర్డరు తెర మీదికి రాలే, సేటూ!”

“ఏందయ్యా బీఎస్సీ, నిజమేనా?” సేటు నన్ను నిలదీశాడు.

సేటుకు ఉర్దూ చదవరాదు, నాకు వచ్చు. వంగి చూశాను. ఆ పేజీలో ‘షుగరు గోలీలు, పొద్దున ఒకటి, మాపు ఒకటి’ అని రాసుంది.

“నిజమే సేటూ, పూడూరు ఎగిరిపోయింది,” అని, నా ప్రోగ్రాంకు మనసులోనే, పోయినవాళ్లకు చదివే ఫాతిహా చదివేశాను.