సార్ ఇంట్లో ఏసీ లేదు

ఏసీ పెట్టించుకున్న సంగతి నలుగురికీ తెలియకూడదని, వేడిగాలి కక్కే ఆ బయటి డబ్బాను విష్ణువర్ధన్ ఇంటి వెనక గోడకు బిగింపించాడు. ఎందుకంటే యూనివర్సిటీలో ఆయన పేరే 'ఏసీ లేని ప్రొఫెసర్'. విసనకర్ర పట్టుకున్న ఫొటో పేపర్లో కూడా పడింది. తార్నాకలోని ఇంటికి ఎవరొచ్చినా ముందు గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టేవాడు, కుండలో నీళ్ళిచ్చేవాడు, భూమి ఎంతగా వేడెక్కిపోతోందో చెప్పి భయపెట్టి పంపేవాడు. వాళ్ళు గేటు దాటారో లేదో, పడగ్గదిలో దూరి తలుపేసుకునేవాడు.

ఆ వెనక గోడకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, వనజ అద్దెకుంటున్న రేకుల గది కిటికీ ఉంది. ఆయన గది చల్లబడేకొద్దీ ఆమె గది పెనంలా కాలేది. ఏడాది నిండని పిల్లకు వీపు నిండా చెమటకాయలు. గుక్క తిప్పుకోకుండా ఏడుపు.

"సార్, గా డబ్బా జర పక్కకు జరిపియ్యుండ్రి. పిల్ల తట్టుకుంటలేదు" అని ఆమె వచ్చి అడిగినప్పుడల్లా ఆయన చిరునవ్వు నవ్వేవాడు.

"చూడమ్మా, ఇది నీ ఒక్కదాని సమస్య కాదు, ప్రపంచ సమస్య. మారితే అందరూ మారల్ల. అన్నట్టు, ఏసీ ఊసు బయట ఎత్తబాకు."

పెద్దగా చదువుకోనిది, దానికేం అర్థమవుతుందిలే అనుకునేవాడు.

మే నెలలో క్యాంపస్‌లో పెద్ద చర్చ పెట్టారు. కర్బన ఉద్గారాలు తగ్గించాలా, అక్కర్లేదా? తగ్గించాలని వాదించేది విష్ణువర్ధన్. అక్కర్లేదనేది రిటైరైన రైల్వే ఇంజనీరు సుందరరావు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల హాలు ఎంత చల్లగా ఉందంటే, సన్మానంలో కప్పిన శాలువాలను వేదిక మీద ఒక్కరూ తియ్యలేదు. పర్యావరణ కమిటీలో విష్ణువర్ధన్‌కు చోటు ఇస్తున్నట్టు చర్చ కాగానే ముఖ్య అతిథి ప్రకటించాలి. దాని కోసమే ఆయన ఇన్నేళ్ళుగా విసనకర్ర ఊపింది.

"నా చిన్నప్పుడూ ఎండలు కాసినయ్యండీ! ఉక్కగా ఉందనుకుని మజ్జిగ తాగేవాళ్ళం. ఉద్గారాలని ఎవడూ ఏడవలేదు!" అన్నాడు సుందరరావు శాలువా బిగించుకుంటూ.

"మీరు మజ్జిగ తాగతానే ఉండండి సార్. మీ మనవళ్ళకు తాగేదానికి నీళ్ళు కూడా ఉండవు!"

చప్పట్లు. సుందరరావుకు మండిపోయింది.

"అయితే తమరింట్లో నిజంగా ఏసీ లేదంటారా?"

విష్ణువర్ధన్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఈ వేదిక మీద ప్రమాణం చేసి చెప్తాండా. మా ఇంట్లో ఏసీ లేదు. ఇకమీదట కూడా ఉండదు!"

హాలు మార్మోగింది. ముఖ్య అతిథి మైకు అందుకోబోతుంటే, పక్క తలుపు తోసుకుని కానిస్టేబుల్ ఇన్నయ్య లోపలికొచ్చాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సార్. మీ ఏసీ దొరికింది."

ఆయన వెనకే, పిల్లను చంకనేసుకుని వనజ. మెట్ల కింద ట్రాలీ ఆటో, అందులో తెల్లటి డబ్బా.

"గేటు కాడ పట్టుకున్న. మీదేనని ఒక్క మాట చెప్పుండ్రి, ఈమెను లోపలేస్త."

వనజ బావురుమంది. "తప్పయింది సార్! మీరంత ఇటొచ్చినంక మెకానిక్‌ను పిలిచి నేనే దింపిచ్చిన. మీ ఎనక గోడకున్నదే గిది. మీ ఏసీ మీరు తీస్కపోండ్రి సార్!"

ముందు వరుసలోంచి లేచొచ్చిన భార్య మనీషా విష్ణువర్ధన్ చెవిలో గుసగుసలాడింది. "ఏవండీ, మనదేనండీ..."

"నోరు ముయ్యి."

"చెప్పండి ప్రొఫెసరు గారూ, తమదేనా?" సుందరరావు పళ్ళన్నీ బయటపెట్టాడు. విలేకరుల కెమెరాలు ప్రొఫెసరు ముఖం మీదికి తిరిగాయి. ముఖ్య అతిథి చేతిలో మైకు అలాగే ఉండిపోయింది.

విష్ణువర్ధన్ డబ్బా వంక ఒకసారి, మైకు వంక ఒకసారి చూశాడు.

"నాది కాదు! ఇట్లాంటి వస్తువు మా ఇంటి గోడ మీద ఎప్పుడూ లేదు. పాపం, పిల్లతల్లి. ఏదో మతి చెడి మాట్లాడుతోంది, వదిలేయండి."

"అయ్యో, మీదే సార్!" అంది వనజ ఏడుస్తూనే.

"కాదన్నానా!"

ఆ దయాగుణానికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కమిటీలో చోటూ దక్కింది. రేపు ఇంటికొచ్చి నాలుగు వైపులా వీడియో తీసుకుంటామన్నారు విలేకరులు. ఇక మరో ఏసీ పెట్టించే దారి కూడా మూసుకుపోయింది. అయినా ఆయన మెడలోని దండ సర్దుకుని, మెట్ల దగ్గరున్న ఇన్నయ్య దగ్గరికి నింపాదిగా వెళ్ళాడు. వనజ అప్పటికే వెళ్ళిపోయింది.

"ఆ డబ్బా ఏం చేస్తావయ్యా?"

"ఎవ్వలిది కాదంటిరి గద సార్. స్టేషన్ల పడుంటది."

విష్ణువర్ధన్ ట్రాలీలోని డబ్బాను కళ్ళారా ఒకసారి చూసుకున్నాడు. దొంగతనం చేసింది, గేటు కూడా దాటకముందే దొరికిపోయింది. ఎంత తెలివితక్కువ మనిషి!

"ఇంతకీ ఆమెను పట్టించిందెవరు?"

ఇన్నయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు.

"గదే నాకు సమజైతలేదు సార్. 'సార్ ఏసీ దొంగ క్యాంపస్ గేటు కాడ నిలబడ్డది, జల్ది రాండ్రి' అని ఫోన్ చేసింది ఆమెనే."