ఎండకు ఎదురుగా

"కొంగు ముఖం మీదికి లాక్కో అమ్మాయ్! ఆ ఎండ నీకు విషం."

అర్ఘ్యం విడుస్తున్న ప్రవల్లిక ఉలిక్కిపడింది. రాగిచెంబులోని నీళ్ళు పాదాల మీద ఒలికాయి.

గురుగ్రామ్‌లోని ఆ ఆకాశహర్మ్యం డాబా మీద, గొడుగు వేసుకొని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అదే టవరులో కొత్తగా దిగిన ఇంద్రాణి. తెలుగావిడ, ఒంటరి మనిషి అని తప్ప ఆమెను గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

రెండవ కాన్పు తరువాత ప్రవల్లిక చెక్కిళ్ళకు తేనెరంగు మచ్చలతో మంగు పట్టింది. అత్తగారు జానకీదేవి చూసీ చూడగానే తీర్పు చెప్పేసింది.

"మంగుశనే నీకు పట్టింది. శనికి తండ్రి సూర్యభగవానుడు. ఆయన చెబితేనే కొడుకు వింటాడు. పొద్దు బాగా ఎక్కేదాకా ఎదురుగా నిలబడు. శ్రీరామనవమికి పోయిందా సరే, లేదా, పీటల మీద చిన్నకోడలు కూర్చుంటుంది. మచ్చల మొహంతో సీతమ్మ పెళ్ళి చేస్తావా?"

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పీటల మీద భర్త రఘువీర్ సరసన కూర్చునేది ప్రవల్లికే. ఆ చోటు పోతే ఇక ఆ ఇంట్లో తనకు మిగిలేదేమీ లేదు.

"మొక్కుకున్నానండీ. దేవుడికి ముసుగేసుకుని దణ్ణం పెడతారా ఎవరైనా?" అన్నది ప్రవల్లిక ఇంద్రాణితో.

"ఆయన అలగడమ్మా. నీ చర్మమే అలుగుతుంది. డాక్టరుకు చూపించి, ఇచ్చిన మందు రాసుకో. జపం నీడలో కూర్చుని చేసుకో. కంటినిండా నిద్రపో. మనసులో దిగులు పెట్టుకోకు. అన్నీ కలిస్తేనే అది లొంగుతుంది."

"పూర్తిగా పోతుందా ఆంటీ?"

ఇంద్రాణి అబద్ధం చెప్పలేదు. "పోదు. పలచబడుతుంది. అదను చూసి మళ్ళీ వస్తుంది."

"మరెందుకండీ ఈ సలహా? నాకు నవమిలోగా పోవాలి!"

"ఇలా నిలబడితే ఎన్నటికీ పోదు."

ప్రవల్లికకు ఒళ్ళు మండింది. వెన్న రాసినట్లు నున్నగా ఉన్న ఆ ముఖాన్ని చూస్తే మరీ మండింది.

"మీకేం, అద్దంలా ఉంది మొహం! మచ్చంటే ఏమిటో ఎరగని వాళ్ళు కూడా చెప్పొచ్చేవాళ్ళే. మీ పని మీరు చూసుకోండి."

ఇంద్రాణి చేయి చెంప దాకా వెళ్ళి ఆగిపోయింది. గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది. మళ్ళీ డాబా మీదికి రాలేదు.

మాఘం వెళ్ళింది. ఫాల్గుణమూ వెళ్ళింది. ఎండతో పాటు మంగూ ముదిరింది. తేనెరంగు మసిరంగయింది. చెక్కిళ్ళు దాటి నుదురెక్కింది.

నవమి నాడు పీటల మీద చిన్నకోడలే కూర్చుంది. ప్రవల్లిక వంటింట్లో పానకం కలుపుతూ ఉండిపోయింది. రఘువీర్ ఆమె ఏదని అడగనైనా లేదు.

"నీ భక్తిలోనే ఉంది లోపం" అన్నది అత్తగారు. "రేపటి నుంచి మధ్యాహ్నం కూడా నిలబడు."

ఆ వారంలోనే కాపలాదారు తలుపు తట్టాడు.

"దీదీ, వో తెలుగు ఆంటీ గుజర్ గయీ."

ఇంద్రాణి పోయింది. బయటికి వెళ్ళడానికి తయారై, గుమ్మంలోనే కుప్పకూలిందట. అయినవాళ్ళెవరూ లేరు. కడసారి స్నానం చేయించడానికి తెలుగు ఆడవాళ్ళు కావాలన్నారు.

"వెళ్ళు, పుణ్యమైనా దక్కుతుంది" అన్నది జానకీదేవి.

చాప మీద పడుకోబెట్టిన ఇంద్రాణి ముఖం అప్పటికీ నున్నగానే ఉంది. ప్రవల్లిక పసుపునీళ్ళలో గుడ్డ ముంచి నుదుటి నుంచి చెంప దాకా తుడిచింది.

చర్మం రంగు మేకప్ పూత గుడ్డకు దళసరిగా అంటుకుంది.

మళ్ళీ తుడిచింది. ఇంకా తుడిచింది.

తాను రోజూ అద్దంలో చూడలేక కళ్ళు తిప్పుకునే ముఖమే, తన ముఖం కంటె ఎంతో ముందు కాలిపోయి, ఎంతో ఎక్కువగా నల్లబడి, చాప మీద కళ్ళు మూసుకొని ఉంది.