దుఫీ గుమ్మం

దగ్గరికి జరగండమ్మా, మా కుమాసి ఊళ్ళో సెర్వా అత్త తలదించుకున్న సంగతి చెబుతాను.

రాత్రి ఎవరైనా కూర పంపితే, తెల్లారి వాళ్ళ గుమ్మానికి వెళ్ళి "నీ మేలు మరవను" అనడం మా ఆనవాయితీ. సెర్వా పులుసు పంపిన మర్నాడు పక్కింటి దుఫీ రాలేదు. సెర్వాయే వెళ్ళి తలుపు బాదింది.

"ఏమే పిల్లా, నా వేరుశెనగ పులుసు తిన్న నోరు పడిపోయిందా?"

"తప్పయిపోయిందత్తా. అందరి ఫోన్లలో మన ట్వి భాష రాసే కీబోర్డు చెడింది. లేచినప్పట్నుంచీ అదే బాగుచేస్తున్నా."

"అది నువ్వు చేసిందా! ఏ కంపెనీ జీతమిస్తుందే?"

"జీతమేంటత్తా! తీరికున్నప్పుడు నలుగురం కలిసి ఊరికే చేస్తాం."

చర్చి పాటలన్నీ సెర్వా ఏళ్ళుగా దాంతోనే రాస్తోంది. ఆమె దుఫీ చేతిలోని ఫోన్లోకి తొంగిచూసింది. కీబోర్డు చెడిందని జనం తిట్లు వరసగా ఉన్నాయి. "సోమరిపోతుల్లారా" అని తను పొద్దున్నే రాసిందీ ఉంది, పేరుతో సహా.

దుఫీ చటుక్కున ఆ పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టింది.

"పులుసు ఎంత కమ్మగా ఉందో అత్తా!" అంది.

సెర్వా తలదించుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు వాకిలైనా ఊడవకుండా వచ్చి ఆ గుమ్మంలో నిలబడింది.

"అయ్యో, నిన్న నేనేం పంపానని అత్తా?"

"ఇన్నేళ్ళూ పంపావు తల్లీ. నేనే రాలేదు."

ఊరికే వచ్చింది వాడుకునేవాళ్ళు కనిపిస్తే, ఈ గుమ్మం కథ గుర్తుపెట్టుకుని వాళ్ళకి చెప్పండమ్మా.