ముద్దపప్పులో నిలబడ్డ గరిటె

పేరయ్య వంటమర మొదటి వారంలోనే నూటెనిమిది వంటకాలు వండి అవతల పారేసింది!

పెళ్ళివంటలన్నీ మరలే వండే కాలమది. పెళ్ళిళ్ళకి వంటలు చేసే పేరయ్య కూడా ఒకటి కొన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి తణుకులో పెద్ద పెళ్ళి. ఆ విందు చెడిందంటే ఇన్నేళ్ళ పేరూ గోదాట్లో కలిసిపోతుంది. అందుకే మరకు వంట నేర్పే ప్రోగ్రాం రాస్తున్న నాగరత్నం బృందం దగ్గరికి రోజూ పొద్దున్నే వెళ్ళేవాడు.

అక్కడ కుర్చీలుండవు. నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో, ఎక్కడ చిక్కుపడ్డారో అందరూ నిలబడే చెప్పుకుంటారు. ఎవరైనా సాగదీస్తే కాళ్ళకింద నేల చురుక్కుమంటుంది. ఆ ఒడుపు చూసి పేరయ్య ముచ్చటపడిపోయేవాడు.

వారం చివర వాళ్ళు ఆయన ముందు పెట్టింది మాత్రం... నూటెనిమిదన్నానా? ఒట్టిదే. ఒక్క ముద్దపప్పు.

"ఏంటమ్మా, పెళ్ళివారికి పప్పొక్కటే వడ్డించమంటావా?"

"ముందు చూడండి బాబాయ్. తప్పుంటే ఇప్పుడే తిట్టండి" అంది నాగరత్నం.

పేరయ్య పప్పులో గరిటె నిలబెట్టాడు. అది మెల్లగా పక్కకి ఒరిగింది.

"ముద్దపప్పంటే గరిటె నిలబడాలే తల్లీ! ఇందులో ఈత కొట్టొచ్చు!"

ఆమె నవ్వేసింది. "అన్ని వంటలకీ నీళ్ళ కొలత ఒకటే పెట్టేశాం. ఇవాళే పట్టుబడింది, బతికిపోయాం."

అన్నీ ఒకేసారి నేర్పించి ఉంటే పెళ్ళిరోజున పులిహోర కూడా జావయ్యేదని పేరయ్యకు అప్పుడు వెలిగింది. ఆ తర్వాత ప్రతివారం ఒకటి రెండు వంటలు, ఆయన తిట్లు, వాళ్ళ దిద్దుబాట్లు.

పెళ్ళినాటికి మరకు వచ్చినవి పట్టుమని పది వంటకాలే. అయితేనేం, మగపెళ్ళివారు ప్రతిదీ మారడిగారు.

నేల చురుక్కుమనడం నా కల్పనే. పెళ్ళినాటి ముద్దపప్పులో గరిటె మాత్రం ధ్వజస్తంభంలా నిలబడింది.