మా వైపు నుంచి వెళ్ళింది

అశోక్‌నగర్ ఉచిత కోచింగ్ సెంటరుకు మంగ వచ్చేసరికి చేరాల్సిన గడువు దాటింది. ఆమె సీటు ఇంకొకరికి ఇచ్చేశారు.

"సీటొచ్చిందని మెయిలే రాలేదక్కా. చిక్కడపల్లి లైబ్రరీల కూసొని రోజు చూసిన."

సెంటరు వెబ్‌సైట్ రాసిన పల్లవి కంప్యూటర్ ఆమె వైపు తిప్పింది. మెయిళ్ళు పంపే ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందా అని చూసే టెస్టులన్నీ పాసైనట్టు పచ్చటి గుర్తులున్నాయి.

"మా వైపు నుంచి వెళ్ళిందమ్మా. నువ్వే సరిగ్గా చూసుకోలేదు."

మంగ వెళ్ళిపోయింది.

సాయంత్రం పల్లవికి అనుమానమొచ్చి, తను రాసిన టెస్టును మళ్ళీ చదివింది. మెయిలు పంపాల్సిన వరసలో చేరిందా అన్నంతవరకే అది చూస్తోంది. అక్కణ్ణించి బయటికి పోయిందో లేదో చూడటం లేదు. మంగ మెయిలు, మరో ఆరుగురివీ ఆ వరసలోనే ఇరుక్కుని ఉన్నాయి.

టెస్టు మార్చి రాస్తే ఫెయిలైంది. ప్రోగ్రాంలో తప్పు దిద్దగానే, ఆగిపోయిన మెయిళ్ళన్నీ వరసలో చేరిన రోజు పాత తేదీతోనే వాటంతటవే వెళ్ళిపోయాయి.

మర్నాడు పొద్దున మంగకు ఫోన్ చేయబోతుంటే, ఆమే చేసింది.

"అక్కా, మెయిల్ దొరికింది. పదో తారీకని రాసుంది అండ్ల. మీరు పంపిన్రు, నేనే చూసుకోలే. నిన్న మిమ్మల్ని ఉత్తగనే పరేషాన్ జేసిన. ఏమనుకోకుండ్రి."

నిజం చెప్పడానికే ఫోన్ చేతిలోకి తీసుకున్న పల్లవి, "పర్లేదులే మంగా," అంది.